ఆగి, మళ్ళీ కదిలిన బండి

మా తమ్ముడు పోలీసులకు దొరక్కుండా పారిపోయిన దూరం ఆరువందల అడుగులు. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ ఆ రోజు వాడి బండి పక్కన నడిచి ఉంటే, వాడికన్నా ముందే వంతెన పైకి చేరేది. అయినా కేసు కాగితంలో 'పోలీసుల నుంచి తప్పించుకునే ప్రయత్నం' అనే రాశారు. ఆ ముక్క చదివిన ప్రతిసారీ నాకు కడుపు మండేది. ఎవరి మీద మండాలో తేలడానికి మాత్రం నెల పైనే పట్టింది.

నేను కాంక్రీటు ప్లాంటులో ఆపరేటర్ని. ఇసుక, కంకర, సిమెంటు, నీళ్ళు ఏది ఎంత పడాలో గాజు గదిలో కూర్చుని తూకం వేసి, కింద నిలబడ్డ మిక్సర్ బండి డ్రమ్ములోకి వదలడం నా పని. పదిహేనేళ్ళుగా అదే కుర్చీ, అవే మీటలు. మా తమ్ముడు అదే ప్లాంటుకు సొంత మిక్సర్ బండి తిప్పుతాడు. ముప్ఫై ఆరేళ్ళొచ్చినా ఇంట్లో వాడు చిన్నోడే, ప్లాంటులో పదకొండో నంబరు. ఒకే ఇంట్లో తింటాం, ఒకే గేటులోంచి పనికి వెళ్తాం. మూడేళ్ళుగా మా మధ్య మాటల్లేవు.

కారణం నా నోరు. వాడికి ఒక సంబంధం దాదాపు కుదిరింది. అమ్మాయి తల్లి ఒక్కతే నా దగ్గరికి వచ్చి, అబ్బాయి తాగుతాడా అని సూటిగా అడిగింది. తాగేవాడు, మానేసి ఆరు నెలలైంది, మళ్ళీ మొదలుపెట్టడని నేను పూచీ పడలేను అన్నాను. అందులో ఒక్క అబద్ధం లేదు. సంబంధం తప్పిపోయింది. వాడు ఆ తర్వాత చుక్క ముట్టలేదు. నిజం చెప్పొద్దూ, నాకు అదే ఇంకా ఒళ్ళు మండించింది. మళ్ళీ తాగి ఉంటే కనీసం నా మాటకు విలువ మిగిలేది.

అప్పటి నుంచి వాడు నన్ను అక్కా అని పిలవలేదు. నాకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే అమ్మకు చెప్తాడు. పక్కనే కంచం ముందు కూర్చున్న నాకు అమ్మ అదే మాట మళ్ళీ చెప్తుంది. నేనూ తక్కువ తినలేదు, జవాబు అమ్మకే చెప్తాను. పాపం ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకునే తీరిక లేకుండా అటూ ఇటూ తల తిప్పుతూ ఉండేది.

ప్లాంటులో మాత్రం రేడియోలో మాట్లాడక తప్పదు. "పదకొండు, ఆరు మీటర్లు" అంటాను. మీటరంటే ఇక్కడ ఘనపు మీటరు, డ్రమ్ములో పడే మాలు కొలత. వాడు "సరే" అంటాడు. మాలు తేడాగా ఉంటే బయల్దేరకముందే డ్రైవరు రేడియోలో చెప్పాలి, అప్పుడు నేను సరిచేయాలి. ప్లాంటులో అందరికీ తెలిసిన పద్ధతే. మూడేళ్ళలో పదకొండో నంబరు నుంచి 'సరే' తప్ప మరో మాట రాలేదు.

ఆ రోజు పొద్దున్నే ఓనరు ఫోను చేశాడు. పెద్ద వంతెన అవతల కడుతున్న భవనానికి పద్నాలుగు మీటర్లు కావాలట, రెండే బండ్లు ఖాళీగా ఉన్నాయట. ఆ డ్రమ్ముల్లో ఆరు మీటర్లకు మించి వేయకూడదని నాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఏడేసి వెయ్యి, స్లిప్పు మీద ఆరే కొట్టు అన్నాడు. ఆయన పెట్టేసిన పది నిమిషాలకు అక్కడి ఇంజనీరు ఫోను. పంపులో మాలు పైకి ఎక్కడం లేదు, కాస్త పలచగా పంపండి అని గునిశాడు. నీళ్ళెక్కువైతే మాలు గట్టితనం చస్తుందని నేను అనాలి. అనలేదు. నీళ్ళ మీట మీద వేలు పెట్టి, ఆగాల్సిన చోట ఆగకుండా నొక్కి పట్టుకున్నాను. ఆ వేలు నాదే.

"పదకొండు, ఏడు మీటర్లు" అన్నాను రేడియోలో.

జవాబు వెంటనే రాలేదు. ఐదు సెకన్లు ఉంటుందేమో, రేడియోలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత "సరే" అన్నాడు.

బండి కదిలే ముందు, మాలు గట్టితనం పరీక్షించే కుర్రాడు అలవాటు ప్రకారం ఒక బకెట్ మాలు పట్టి మూడు ఇనుప అచ్చుల్లో నింపాడు. ప్రతి లోడు నుంచీ అలా మూడు దిమ్మలు పోసి, పచ్చిగా ఉండగానే మేకుతో బండి నంబరూ తేదీ గీస్తారు. మర్నాడు అచ్చు ఊడదీసి నీళ్ళ తొట్టిలో వేస్తారు. ఇరవై ఎనిమిదో రోజున యంత్రంలో పెట్టి నలగ్గొట్టి, ఎంత బరువుకు పగిలిందో చూస్తారు. ఆ రోజు పొద్దున ఆ దిమ్మల వైపు నేను కన్నెత్తి కూడా చూడలేదు.

పదకొండు గంటలకు వాడు వంతెన ఎత్తు ఎక్కుతున్నాడు. మిక్సర్ బండి డ్రమ్ముకు నోరు వెనక ఉంటుంది. ఎత్తెక్కేటప్పుడు బండితో పాటు ఆ నోరూ కిందికి వాలుతుంది. ఇంజిను జోరుగా ఉన్నంతసేపు డ్రమ్ము గట్టిగా తిరిగి మాలును లోపలికి నెడుతుంది. అయినా ఏడు మీటర్ల పలచటి మాలు కదా, అంచు మీంచి రోడ్డు మీదికి కారుతూనే ఉంది. వెనక బైకు మీద వస్తున్న ట్రాఫిక్ పోలీసు అది చూశాడు. పెద్ద మీసాలు, ఇస్త్రీ నలగని చొక్కా. సైరను మోగించి, పక్కకు ఆపమని చెయ్యి ఊపాడు.

మా వాడు వెంటనే ఆపాడు. అదే కొంప ముంచింది.

మీసాలాయన బైకును బండి వెనకే, సరిగ్గా డ్రమ్ము నోటి కింద నిలబెట్టి, పక్కనుంచి డ్రైవరు తలుపు వైపు నడిచాడు. బండి ఆగగానే ఇంజిను జోరు తగ్గింది, డ్రమ్ము నెమ్మదించింది, లోపలున్న మాలంతా నోటి వైపు జారింది. మా వాడు అద్దంలో చూశాడు. బైకు సీటు కనపడలేదు, పెట్రోలు ట్యాంకు మునుగుతోంది. ఇంకో నిమిషం అక్కడే ఉంటే సగం డ్రమ్ము రోడ్డు మీద ఉంటుంది, వెనక వచ్చే స్కూటర్లు అందులో పడతాయి. ఎదురుగా ఆరువందల అడుగుల్లో వంతెన పైభాగం, చదును. వాడు చెయ్యి బయటపెట్టి పైకి చూపించి, బండిని మొదటి గేరులో కదిలించాడు.

మీసాలాయన వెనక్కి తిరిగేసరికి కదులుతున్న లారీ కనపడింది, సిమెంటులో నానుతున్న తన బైకు కనపడింది. అది కూడా రెండు నెలల కొత్త బైకు. ఆయన వాకీటాకీలో అరిచిన మాట, లారీ పారిపోతోంది అని.

పైకి చేరాక మా వాడు చేసిన పని మిక్సరు డ్రైవరు తప్ప ఈ భూమ్మీద ఇంకెవడూ చేయడు. బండి ఆపాడు, డ్రమ్ము తిరగాలి కాబట్టి ఇంజిను ఆపలేదు, కిందికి దిగాడు, నీళ్ళ పైపు తీసి వెనక రేకును కడగడం మొదలుపెట్టాడు. మాలు ఒలికితే గట్టిపడేలోపు కడగాలి. అది వాళ్ళకు చెయ్యి కాలితే వెనక్కి లాక్కోవడం లాంటిది. పోలీసు జీపు వచ్చి అడ్డం పెట్టేసరికి, 'పారిపోతున్న' మనిషి ఈల వేసుకుంటూ బండి కడుగుతున్నాడు. సాక్ష్యం కడిగేస్తున్నాడు అని రాసుకున్నారు. ఇంజిను ఆపమన్నారు. ఆపితే లోపల రాయైపోతుంది సార్ అన్నాడు. తాళాలు లాక్కుని వాళ్ళే ఆపారు.

స్టేషనుకు నేను వెళ్ళింది తమ్ముడి కోసం కాదు, అమ్మ ఏడుపు భరించలేక. అది కూడా నిజమే, రాసేస్తే పోతుంది. గంటసేపు కాళ్ళావేళ్ళా పడితే పెద్దాఫీసరు తాళాలిచ్చాడు. స్టేషను వెనక ఖాళీ స్థలంలో మాలు వదిలించారు. నీళ్ళెక్కువ కావడం వల్లే ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు. అయినా రెండు మీటర్ల పైగా డ్రమ్ము గోడలకు పట్టేసింది. మీసాలాయన బల్ల దగ్గర నిలబడి, బూట్లకు అంటిన సిమెంటును పుల్లతో గీకుతున్నాడు.

"ఏమ్మా, మీ తమ్ముడు నన్ను పూడ్చేద్దామనుకున్నాడా?" అన్నాడు.

"పూడ్చేవాడు బండి ముందుకు ఎందుకు తీస్తాడండీ?" అన్నాను. ఆయన మీసం అదిరింది. ఆ ఒక్క మాటతో ఉన్న కాస్త దయా పోయిందని తర్వాత మేం పెట్టుకున్న లాయరమ్మ నన్ను ఉతికి ఆరేసింది.

లాయరమ్మ ఆఫీసు ఒక టైలరు దుకాణం పైన ఉంది. కింద కుట్టు మిషను ఆడితే ఆవిడ బల్ల మీద పెన్నులు వణికేవి. తప్పించుకోవడమంటే చట్టం ప్రకారం ఏమిటో ఆవిడ మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. ఆపమన్నవాడు పోలీసని తెలిసేలా ఉండాలి. ఆపమన్న సైగ స్పష్టంగా ఉండాలి. డ్రైవరుకు అది అర్థమై ఉండాలి. అర్థమయ్యాక కూడా దొరక్కూడదనే ఉద్దేశంతో బండి పోనిచ్చి ఉండాలి. ఈ నాలుగోది లేకపోతే మొదటి మూడూ ఉన్నా అది తప్పించుకోవడం కాదు. ఎంత వేగం, ఎంత దూరం అన్నవి ఆ ఉద్దేశాన్ని పట్టుకోవడానికి ఆధారాలు మాత్రమే, అడుగు దూరంలోనూ నేరం ఉండొచ్చు, మైలు దూరంలోనూ లేకపోవచ్చు. ఇంజిను ఆపకపోవడం వేరే సంగతి, దానికి జరిమానాతో సరి.

"నువ్వు అసలు ఆపకుండా, లైటు వేసి మెల్లగా పైకెళ్ళి చదునులో ఆపుంటే ఈ కేసే ఉండేది కాదు. సురక్షితమైన చోటు చూసుకున్నాడు అనేవాళ్ళు. నువ్వు ఆపావు. ఆపావంటే చూశావు, విన్నావు, అర్థమైంది అని సంతకం పెట్టినట్టే. ఆ తర్వాత కదిలావు" అందావిడ.

"మర్యాదగా ఆపడమే తప్పంటారా?" అన్నాడు వాడు.

"ఆపడం తప్పు కాదు. ఆపాక ఎందుకు కదిలావో రుజువు చేయలేకపోతే తప్పు. నేరం రుజువైతే పెద్ద బండ్ల లైసెన్సు మూడేళ్ళు పోతుంది."

మూడేళ్ళు బండి తోలకపోతే వాడికి ఇక బతకడమే చేతకాదు. వాడికి ఇంకో పని రాదు, వచ్చినా చేయడు. తాగుడు మానింది ఆ స్టీరింగు పట్టుకునే. ఆ సంగతి నాకు తెలుసు, అమ్మకు తెలుసు, వాడి మొహం చూస్తే ఆ గదిలో కుర్చీలకు కూడా తెలిసేది.

అప్పుడు లాయరమ్మ ముడి ఎక్కడుందో చూపించింది. ప్రభుత్వ లాయరు వాదన ఏమిటంటే, బండి మొదట కదిలింది, ఆ కుదుపుకు మాలు ఒలికింది. మన వాదన, మాలు మొదట ఒలికింది, అందుకే బండి కదిలింది. ఏది ముందన్నదే కేసంతా. ప్లాంటు స్లిప్పు ప్రకారం లోడు ఆరు మీటర్లు, మాలు గట్టిది. అలాంటి లోడు ఆ ఎత్తులో నిలబడ్డ బండిలోంచి చుక్క జారదు, గట్టిగా కుదిపితే తప్ప. "కాబట్టి స్లిప్పు నిజమైతే నువ్వు పారిపోయావు. నిజంగా ఆరేనా?" అని వాణ్ణి అడిగింది.

వాడు నా వైపు చూడలేదు. స్లిప్పులో ఉన్నదే అన్నాడు. నేను బల్ల మీద వణికే పెన్నుల్ని సర్దాను.

మర్నాడు ఓనరు నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. కోర్టు నుంచి స్లిప్పు అడిగారు, ఇచ్చేశాం, ఇక నువ్వు నోరు మెదపకు అన్నాడు. ఏడు మీటర్లు, ఎక్కువ నీళ్ళు అని బయటికొస్తే రెండో బండి మాలుతో ఆ భవనానికి పోసిన శ్లాబు పగలగొట్టిస్తారు, ప్లాంటు మూతపడుతుంది, మీట నొక్కింది నువ్వు కాబట్టి మొదట బుక్కయ్యేది నువ్వే. బెదిరించినట్టు కూడా అనలేదు. నా మేలు కోరుతున్నట్టు మెత్తగా చెప్పాడు, అందుకే ఆ మొహం మీద ఏదైనా విసరాలనిపించింది. చేతిలో ఏమీ లేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర వాడు అమ్మతో అన్నాడు, "ఆవిడ్ని కోర్టుకు రావద్దని చెప్పు. ఒకసారి నోరు తెరిచి చేసింది చాలు."

"నేను వస్తానని ఎవరితో అన్నానో అడుగమ్మా" అన్నాను.

అమ్మ కంచం పక్కకు నెట్టి లేచిపోయింది. మూడేళ్ళలో మొదటిసారి మా ఇద్దరి మధ్యా మాట మోసేవాళ్ళు లేరు. ఇద్దరం తలలు దించుకుని తిన్నాం. వాడు చేయి కడుక్కోవడానికి లేస్తూ కుర్చీని కావాలనే గట్టిగా లాగాడు.

ఆ రాత్రంతా నేను వాణ్ణే తిట్టుకున్నాను. స్లిప్పులో ఉన్నదే అని ఎందుకన్నాడు? నన్ను కాపాడటానికా? నీ కాపాడటం ఎవడికి కావాలిరా అనుకున్నాను. ఒకప్పుడు వాడి గురించి నిజం చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టలేదు. నా గురించి చెప్పాల్సి వచ్చేసరికి వారాలు గడుస్తున్నాయి. ఇది తట్టగానే సిగ్గుతో చచ్చిపోయాను.

విచారణ రోజు పొద్దున పరీక్షల గదికి వెళ్ళి తొట్టిలో చెయ్యి పెట్టాను. ఇరవై ఎనిమిదో రోజు ఇంకా రాలేదు, మూడు దిమ్మలూ అక్కడే ఉన్నాయి. పదకొండు, తేదీ, మేకుతో గీసిన వంకర అంకెలు. ఒక దిమ్మను తడి గోనెసంచిలో చుట్టాను. ఎనిమిది కిలోలు ఉంటుంది. బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే పక్కావిడ ఏమిటమ్మా అది అని అడిగింది. నా ఉద్యోగం అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు.

కోర్టు హాలు మా గాజు గదికన్నా కొంచెమే పెద్దది. పై ఫ్యాను ప్రతి తిప్పుకూ ఒకసారి కిర్రుమంటుంది. మీసాలాయన బోనులో నిటారుగా నిలబడి, బండి మొదట కదిలింది, తర్వాతే మాలు పడింది అన్నాడు. లాయరమ్మ లేచింది. మీరు ఎటు నడుస్తున్నారు అంటే ముందుకి అన్నాడు. మాలు పడింది ఎటువైపు అంటే వెనక అన్నాడు. మీకు వెనక కూడా కళ్ళున్నాయా అనలేదు ఆవిడ, ఆ మాట నేను మనసులో అనుకున్నాను. ఆవిడ మర్యాదగా, మరి ఏది ముందో మీరు చూడలేదు కదా అంది. శబ్దం విన్నానన్నాడు. ఏ శబ్దం ముందు అంటే మాత్రం ఆలోచించాడు. "రెండూ ఒకేసారి విన్నట్టుంది" అన్నాడు చివరికి. మొండివాడే గాని, అబద్ధాలకోరు కాడు. ఆయన మీద నా కోపం కాస్త చల్లబడింది, అది నాకు నచ్చలేదు.

అయినా స్లిప్పు స్లిప్పే. ప్రభుత్వ లాయరు దాన్ని గాలిలో ఊపాడు. ఆరు మీటర్లు, గట్టి మాలు, ఆపరేటరు సంతకం.

లాయరమ్మ నన్ను పిలిచింది, వస్తానని ముందు రాత్రే ఆవిడకు ఫోను చేశాను. అప్పటిదాకా నేను వచ్చినట్టు మా వాడికి తెలియదు. వెనక్కి తిరిగి చూసి, ఆవిడ వద్దు అని లాయరమ్మతో గట్టిగానే అన్నాడు. మేజిస్ట్రేటు వాణ్ణి కూర్చోమన్నారు. నేను గోనెసంచి పట్టుకుని బోనెక్కాను. సంచిలోంచి నీళ్ళు కారి నేల మీద పడ్డాయి, బంట్రోతు నా వైపు కొరకొరా చూశాడు.

"ఈ సంతకం నాదే. ఇందులో రాసింది అబద్ధం. నేను వేసింది ఏడు మీటర్లు. నీళ్ళు కొలత కన్నా ఎక్కువ పోశాను. ఆ లోడు ఎత్తు మీద ఆగితే ఒలికి తీరుతుంది, దాన్ని ఎవరూ కుదపక్కర్లేదు" అన్నాను.

ఎవరు పోయమన్నారని అడిగారు. ఓనరు ఫోను సంగతీ, ఇంజనీరు ఫోను సంగతీ చెప్పాను. మరి మీట నొక్కింది ఎవరని ప్రభుత్వ లాయరు అడిగాడు. నేనే అన్నాను. తమ్ముడి కోసం అబద్ధం చెప్తున్నావు కదా అన్నాడు.

"వాడికీ నాకూ మూడేళ్ళుగా మాటల్లేవండీ. వాడి కోసం అబద్ధం చెప్పేంత ప్రేమ ఉంటే వాడి పెళ్ళి మాటలప్పుడే చెప్పేదాన్ని" అన్నాను. హాల్లో ఎవరో నవ్వారు. మా వాడు తల దించుకున్నాడు. నేను సంచి విప్పి దిమ్మను బల్ల మీద పెట్టాను. "ఇది ఆ లోడులో మాలే. మీకు నమ్మకమున్న చోట నలగ్గొట్టించండి. పగలాల్సిన బరువులో సగానికే పగులుతుంది."

పది రోజుల వాయిదా పడింది. తొట్టిలో మిగిలిన దిమ్మల జోడును కూడా కోర్టే తెప్పించుకుంది. ప్రభుత్వ పరీక్షశాలలో అవి సగానికి కూడా తక్కువ బరువుకే పగిలాయి. మేజిస్ట్రేటు తీర్పు చదివారు. ఒలుకు ముందు, కదలిక తర్వాత. చెయ్యి చూపించి, నడక వేగంతో వెళ్ళి, కనపడే చోటే తనంతట తాను ఆగి, బండి దిగిన మనిషికి దొరక్కూడదనే ఉద్దేశం ఉందనలేం. అది తప్పించుకోవడం కాదు. రోడ్డు మీద మాలు ఒలికించినందుకు, ఇంజిను ఆపనందుకు జరిమానా. లైసెన్సు ఉంటుంది. నా వాంగ్మూలం నకలు భవన నిర్మాణ శాఖకు వెళ్తుంది.

మెట్లు దిగుతుండగానే ఓనరు ఫోను. రేపటి నుంచి రావద్దు అన్నాడు. నేను ఆ మాట ముందే ఊహించాను. ఈ ఊళ్ళో ఏ ప్లాంటూ నన్ను ఇక ఆ కుర్చీలో కూర్చోనివ్వదు, కూర్చోనివ్వకూడదు కూడా. పోసిన శ్లాబు కింద ఇంకా ఎవరూ నిలబడనందుకు మాత్రం లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాను.

వాడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కృతజ్ఞతగా ఉంటాడేమో అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"ఎవడడిగాడు నిన్ను?" అన్నాడు. మూడేళ్ళ తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

"లాయరమ్మ అడిగింది."

"నేను చెప్పానా స్లిప్పు అబద్ధమని? మూడేళ్ళు పోతే పోయేది. నీ మెహర్బానీ నాకక్కర్లేదు."

"ఏడు మీటర్లని నీకెలా తెలుసురా? నేను చెప్పాను కాబట్టి తెలుసు. నీళ్ళ సంగతి నీకు తెలీదు."

"తెలుసు" అన్నాడు. గొంతు తగ్గింది. "లోడు పడేటప్పుడే తెలుసు. డ్రమ్ములో గలగలా కొట్టుకుంది. గట్టి మాలు అలా మోగదు."

"మరి రేడియోలో చెప్పాల్సింది కదా. పారబోసి కొత్తది వేసేదాన్ని."

"చెప్పాలంటే నీతో మాట్లాడాలి."

ఆ ఐదు సెకన్లు నాకూ గుర్తున్నాయి. వాడు కాదంటాడేమోనని మీట మీద చెయ్యి పెట్టుకుని చూశాను. కాదంటే ఆపేద్దామనుకున్నాను. ఏమైంది అని నేను అడగొచ్చు. అడగలేదు. ఇద్దరం చెరో చివర బిగదీసుకుని కూర్చుంటే ఏడు మీటర్ల మాలు ఎత్తెక్కింది. ఓనర్నీ, ఇంజనీర్నీ, మీసాలాయన్నీ నెల రోజులుగా తిట్టిపోశాను. నా తిట్లలో సగం చిరునామా తప్పాయి.

బండి విడిపించుకున్నాక డ్రమ్ము సమస్య మిగిలింది. గోడలకు రాయిలా పట్టిన రెండు మీటర్ల కాంక్రీటును లోపలికి దూరి సుత్తీ ఉలీ పెట్టి చెక్కాలి. డ్రమ్ము పక్కన మనిషి పట్టేంత చిన్న తలుపుంటుంది. లోపల చీకటి, దుమ్ము, గాలాడదు. అందుకే ఒక పద్ధతి ఉంది. ఒకడు లోపల చెక్కుతుంటే, ఇంకొకడు బయట తలుపు దగ్గర నిలబడి ఐదారు నిమిషాలకోసారి కేకేయాలి. లోపలివాడు నోటితో జవాబివ్వాలి. రాకపోతే నడుముకు కట్టిన తాడు పట్టి బయటికి లాగాలి. బయట నిలబడటానికి ప్లాంటు డ్రైవర్లు ఎవరూ రాలేదు, ఓనరు చూస్తాడని భయం. నాకా, చేయడానికి వేరే పనే లేదు.

నేను వెళ్ళేసరికి వాడు తాడు కట్టుకుంటున్నాడు. పో అనలేదు, రా అనలేదు. తాడు రెండో కొస నా కాళ్ళ దగ్గర పడేసి లోపలికి దూరాడు.

"ఉన్నావా?" అని మొదటిసారి కేకేశాను. సుత్తితో డ్రమ్మును రెండుసార్లు కొట్టాడు.

"చప్పుడు కుదరదు. నోటితో చెప్పు."

కాసేపటికి, "ఉన్నా. చెవుడేమన్నా వచ్చిందా నీకు?" అని వినపడింది.

అలా మూడు రోజులు. నేను అడగడం, వాడు విసుక్కోవడం. రెండో రోజుకు సంబంధం సంగతి ఎత్తాడు, లోపల్నుంచే, మొహం కనపడకుండా. ఆ అమ్మాయి తల్లికి ఆరు నెలలన్నావు, ఎనిమిది నెలలు అన్నాడు. లెక్క తప్పానేమో, ఎనిమిదైనా పూచీ పడేదాన్ని కాదు అన్నాను. వాడు తిట్టాడు. నేనూ తిట్టాను. డ్రమ్ములోంచి వచ్చే తిట్లు రెండింతలు మోగాయి. మూడేళ్ళుగా మింగినవన్నీ కంకరతో పాటు బయటపడ్డాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం సుత్తి చప్పుడు ఆగింది. ఉన్నావా అన్నాను. జవాబు లేదు. ఒక సెకను. రెండు. రేడియోలో ఆ రోజు విన్న గాలి చప్పుడు చెవుల్లో మోగింది. ఇంక నేను ఆగలేదు. తాడు రెండు చేతులా పట్టి, కాలు డ్రమ్ముకు తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగాను. లోపల ఏదో దొర్లింది, సీసా పడింది, బూతు ఒకటి వినపడింది. దుమ్ము కొట్టుకుపోయిన తల తలుపులోంచి బయటికొచ్చింది. నోట్లో నీళ్ళు చొక్కా నిండా కారుతున్నాయి.

"నీళ్ళు తాగుతున్నా" అన్నాడు దగ్గుతూ. "ఐదు సెకన్లు ఆగలేవా?"

"ఆగలేను" అన్నాను. చేతులు తాడు ఒరుసుకుని మండుతున్నాయి.

వాడు నా అరచేతుల వైపు చూశాడు. మొహం మీద దుమ్ము తుడుచుకుని, మళ్ళీ లోపలికి దూరాడు. సుత్తి చప్పుడు మొదలయ్యే ముందు, నేను అడక్కుండానే, "ఉన్నానక్కా" అన్నాడు.